తెరిచి చూడకుండానే గీజరు మార్చేయమంటే నమ్మవచ్చా?

ప్రశ్న: మేము హైదరాబాదు నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉంటున్నాము. ఆరేళ్ల కిందట 15 లీటర్ల గీజరు పెట్టించుకున్నాము. మా భవనంలో బోరు నీళ్ల వాడకమే ఎక్కువ. జలమండలి నీళ్లు వచ్చినప్పుడు అవి కూడా అదే సంపులో కలుస్తాయి. మొదట్లో ఇరవై నిమిషాల్లో కాగే నీళ్లు ఇప్పుడు ముప్పావు గంట పడుతున్నాయి. స్విచ్చి వేసిన కాసేపటికి లోపల గరగరమని చప్పుడు వస్తోంది. కింద ఉన్న వాల్వు నుంచి నీటి చుక్కలు కారుతున్నాయి. వేడి నీళ్ల ధార కూడా సన్నబడింది. పోయిన వారం మా అత్తగారు స్నానానికి వెళ్లి నల్లా పట్టుకుంటే చేతికి కొద్దిగా షాకు తగిలినట్లయిందన్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన నంబరుకు ఫోను చేస్తే వచ్చిన మెకానిక్ మూత కూడా విప్పకుండా, ట్యాంకు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. మా కాలనీ ఎలక్ట్రీషియన్ మాత్రం ఎలిమెంటు మారిస్తే సరిపోతుందంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి? ఇంట్లో పెద్దవాళ్లు, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్నారు. (ఒక పాఠకురాలు, నిజాంపేట)

సమాధానం: కింద రాసినదంతా తరువాత చదువుకోవచ్చు. ముందుగా లేచి వెళ్లి గీజరు స్విచ్చి కట్టేయండి. బోర్డులో దానికి సంబంధించిన ఎంసీబీని (కరెంటు హద్దు మీరితే దానంతట అదే పడిపోయే స్విచ్చి) కూడా దించి, బాగుచేయించే వరకు దాన్ని ఎవరూ ఎత్తకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. మీరు రాసిన ఇబ్బందులలో షాకు సంగతి చివర వచ్చింది, అదీ ‘కొద్దిగా’ అన్న మాటతో వచ్చింది. నా దృష్టిలో అన్నింటికంటే ముందు చూడవలసినది అదే. మిగిలినవి కొంత డబ్బుతో, కొంత ఓపికతో తీరిపోయేవి. ఇది ప్రాణాలకు సంబంధించినది. తడిసిన ఒంటితో, చెప్పులు లేని కాళ్లతో, తడి నేల మీద నిలబడిన మనిషికి ఈ రోజు కొద్దిగా తగిలినది రేపు అంతే కొద్దిగా తగులుతుందన్న హామీ ఏమీ లేదు.

ఆ షాకు ఎలా వచ్చిందో అర్థమైతే మెకానిక్‌ను ఏమి అడగాలో మీకే తెలుస్తుంది. ఎలిమెంటు అంటే నీళ్లను కాచే భాగం: పైన ఒక లోహపు గొట్టం, దాని నడుమ కరెంటు పారే తీగ, ఆ రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గట్టిగా కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. గొట్టం మీద ఉప్పు గార కట్టిన చోట పుట్టిన వేడి, నీళ్లలోకి సులువుగా పోలేక గొట్టం అతిగా కాలుతుంది. అలా కాలి కాలి ఒక చోట సన్నగా పగులుతుంది. ఆ పగులు గుండా తేమ పొడిలోకి చేరుతుంది. అక్కడి నుంచి కరెంటు నీళ్లలోకి, ట్యాంకు లోహంలోకి రావడం మొదలవుతుంది. బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ కాబట్టి అవి కరెంటును ఇంకాస్త బాగా మోస్తాయి. పైపులు ప్లాస్టిక్‌వే కదా అని ధీమా పడటానికి వీలు లేదు. అయితే ఇలా బయటికి వచ్చిన కరెంటు మనిషి దాకా రాకుండా ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. ఆ దారి సవ్యంగా ఉంటే మీ అత్తగారికి ఏమీ తెలిసేది కాదు. తెలిసిందంటే ఒకటి కాదు, రెండు లోపాలు ఒకేసారి ఉన్నాయన్నమాట: బహుశా గీజరులో కరెంటు లీకవుతోంది, ఇంట్లో ఎర్తింగ్ పనిచేయడం లేదు. ఎలిమెంటు ఒక్కటి మార్చేసి వెళ్లిపోతే మొదటి లోపం మాత్రమే పోతుంది. రెండోది గోడలో అలాగే ఉండిపోయి, కొత్త ఎలిమెంటు కూడా ఎప్పుడో ఒకనాడు పగిలే వరకు కనబడకుండా కూర్చుంటుంది. మీ కాలనీ ఎలక్ట్రీషియన్ మాటలో సగమే సరైనదని నేననడానికి కారణం ఇదే.

మరి ఎంసీబీ ఎందుకు పడిపోలేదని మీకు సందేహం రావచ్చు. ఎంసీబీ కాపాడేది వైర్లను, మనుషులను కాదు. గీజరుకు సాధారణంగా 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ పెడతారు. అంతకు మించిన కరెంటు పారితేనే అది పడుతుంది. మనిషి గుండెకు ప్రమాదం తెచ్చే కరెంటు మిల్లీ ఆంపియర్లలో ఉంటుంది, అంటే ఎంసీబీ లెక్కలోకే రానంత తక్కువ. దాన్ని పసిగట్టేది ఆర్‌సీసీబీ అనే వేరే పరికరం. వెళ్లిన కరెంటుకు, తిరిగి వచ్చిన కరెంటుకు మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడితే అది సెకనులో చిన్న భాగంలోనే సరఫరాను తెంచేస్తుంది. మీ బోర్డులో ‘టెస్ట్’ అని చిన్న బొత్తం ఉన్న పరికరం ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే ఆ బొత్తం నొక్కండి, వెంటనే పడిపోవాలి. పడకపోయినా, అసలు అలాంటిది లేకపోయినా, గీజరు కంటే ముందు దానికి ఖర్చు పెట్టండి. మాటిమాటికీ పడిపోతోందని ఆర్‌సీసీబీని తీసేసి వైర్లను నేరుగా కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఆ సలహా ఎవరిచ్చినా ఒప్పుకోకండి, అది మాటిమాటికీ పడుతోందంటే ఎక్కడో లీకు ఉందని చెబుతున్నట్లే.

ఎర్తింగ్ చూడటమంటే టెస్టరు స్క్రూడ్రైవరు గుచ్చి చూడటం కాదు. ప్లగ్గులో మూడో పిన్ను ఉందా, సాకెట్ వెనక ఎర్త్ వైరు బిగించి ఉందా లేక చుట్టి వదిలేశారా, ఆ వైరు బోర్డు వరకు తెగకుండా వెళ్లిందా, అక్కడి నుంచి కింద సెల్లారులో ఉన్న ఎర్త్ పిట్ (ఎర్త్ వైరును భూమిలో కలిపే గుంత) దాకా కలిసి ఉందా అనేవి వరుసగా చూడాలి. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య మీటరు పెట్టి కొలవాలి. హైదరాబాదులో చాలాచోట్ల నేల కింద రాయి ఉంటుంది. పిట్‌లో తేమ ఎండిపోతే ఎర్తింగ్ బలహీనపడుతుంది, కొన్ని భవనాలలో ఆ పిట్ ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. అందుచేత ఇది మీ ఒక్క ఇంటి సమస్య కాకపోవచ్చు. అసోసియేషన్‌తో మాట్లాడి భవనం ఎర్తింగ్ మొత్తాన్ని పరీక్ష చేయించండి. గీజరు ప్లగ్గు పూర్తిగా తీసేసిన తరువాత కూడా నల్లాలో వోల్టేజీ కనబడితే లీకు వేరొకచోట, బహుశా వాషింగ్ మెషిన్‌లోనో మోటారులోనో పక్క ఫ్లాటులోనో ఉందని అర్థం. ఇది మీటరుతో చూడవలసిన విషయం, దయచేసి ఎవరూ చేత్తో పట్టుకుని చూడవద్దు.

ఈ లోగా వేడి నీళ్ల కోసం ఇమ్మర్షన్ రాడ్డు కొనుక్కొచ్చే ఆలోచన చేయకండి. ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో బకెట్టులో రాడ్డు పెట్టడం ఇప్పుడున్న ప్రమాదానికంటే పెద్దది. నాలుగు రోజులు పొయ్యి మీదే కాచుకోండి, మోసుకెళ్లేటప్పుడు పిల్లలు కాళ్లకు అడ్డం రాకుండా చూసుకోండి.

ఇక చప్పుడు, ఆలస్యం. ఈ రెండింటికీ మూలం మీ బోరు నీళ్లే. రాతి పగుళ్లలో నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బనేట్లు కరిగి ఉంటాయి. నీళ్లు కాగినప్పుడు వాటిలోని కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి, కరిగి ఉన్నది కాల్షియం కార్బనేటుగా మారి వేడి ఎక్కువగా ఉన్న చోటే, అంటే ఎలిమెంటు మీదే, పొర కడుతుంది. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున మీరు రోజూ చూసే తెల్లటి పొర అదే. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండటం మంచిది, మరో దారి లేనప్పుడు 600 వరకు సహించవచ్చు. మీ నీళ్లు ఎంత ఉన్నాయో ఏదైనా ల్యాబులో ఒక్కసారి చూపించుకుంటే, గీజరును ఎంత తరచుగా శుభ్రం చేయించాలో ఊహ మీద కాకుండా లెక్క మీద తేలుతుంది. పొర కింద చిక్కుకున్న నీళ్లు ఆవిరై, ఆ బుడగలు పగలడమే మీకు వినిపించే గరగర. ట్యాంకు చిల్లు పడటానికీ ఆ చప్పుడుకూ సంబంధం లేదు.

ఆలస్యం గురించి మాత్రం కాస్త ఆగి ఆలోచించాలి, ఎందుకంటే చాలామంది మెకానిక్‌లు ఇక్కడే తప్పు కారణం చెబుతారు. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు తేవడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు కావాలి. 2 కిలోవాట్ల ఎలిమెంటు ఆ పనిని 21 నిమిషాల్లో చేస్తుంది. మీకు మొదట్లో ఇరవై నిమిషాలు పట్టిందన్నది ఈ లెక్కకు సరిగ్గా సరిపోతోంది. చలికాలం తెల్లవారుజామున ట్యాంకులో నీళ్లు 18 డిగ్రీలకు దిగినా ఇంకో నాలుగు నిమిషాలు పడుతుంది తప్ప ముప్పావు గంట పట్టదు. గార కట్టినంత మాత్రాన ఎలిమెంటు తీసుకునే కరెంటు తగ్గదు, అది పుట్టించే వేడీ తగ్గదు. మరి ఆ సమయం ఎక్కడ పోతోంది? చాలా గీజర్లలో, నీళ్లు కాగాక కరెంటు ఆపే థర్మోస్టాట్ కూర్చునే సన్నటి గొట్టం ఎలిమెంటు పక్కనే, ఒకే పళ్లేనికి బిగించి ఉంటుంది. గార పెరిగి ఎలిమెంటును, ఆ గొట్టాన్ని కలిపి ముద్ద చేసినప్పుడు, థర్మోస్టాట్‌కు తెలిసేది నీళ్ల వేడి కాదు, ఎలిమెంటు వేడి. నీళ్లు గోరువెచ్చగా ఉండగానే అది కరెంటు కట్టేస్తుంది, చల్లారాక మళ్లీ ఇస్తుంది, మళ్లీ కట్టేస్తుంది. వేడెక్కుతున్నట్లు చూపే ఎర్ర దీపం ముందే ఆరిపోయి, కాసేపటికి వెలిగి, మళ్లీ ఆరడం మీరెప్పుడైనా గమనించి ఉంటే సంగతి ఇదే. దీపం ఆగకుండా ముప్పావు గంటా వెలిగే ఉంటోందంటే మాత్రం వోల్టేజీ తక్కువగా ఉందేమో చూడాలి. 230 వోల్టులకు బదులు 200 మాత్రమే వస్తే ఎలిమెంటు శక్తి దాదాపు నూటికి డెబ్బై అయిదు పాళ్లకు పడిపోతుంది. అదీ కాకపోతే వేడి నీళ్లలో చన్నీళ్లు కలుస్తున్నాయేమో చూడాలి.

చన్నీళ్లు కలవడమనేది అపార్ట్‌మెంట్లలో తరచుగా జరిగేదే, కానీ దాని నింద గీజరు మీద పడుతుంది. గోడ మిక్సరుకు రెండు నల్లాలూ తెరిచి ఉంచి, చివరన హ్యాండ్ షవరు బొత్తంతో నీళ్లు ఆపే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అప్పుడు మిక్సరు లోపల చన్నీళ్ల దారి, వేడి నీళ్ల దారి ఒకటైపోయి ఒకదాని నీళ్లు మరొకదానిలోకి వెళతాయి. లోపలి వాషరు అరిగిన మిక్సరులోనూ ఇదే జరుగుతుంది. దీన్ని మీరే తేల్చుకోవచ్చు. గీజరు కరెంటు ఆపివేసి ఉన్నప్పుడు, గీజరులోకి చన్నీళ్లు వెళ్లే యాంగిల్ వాల్వు మూసి, బాత్‌రూములో వేడి నీళ్ల నల్లా ఒక్కటే తెరవండి. పైపులో ఉన్న కాసిని నీళ్లు వచ్చి ధార ఆగిపోవాలి. ఆగకుండా వస్తూనే ఉంటే ఆ నీళ్లు గీజరు నుంచి రావడం లేదు, ఏదో మిక్సరు గుండా చన్నీళ్లు దాటుతున్నాయి. అయితే మీ ఇంట్లో షాకు తగిలింది కాబట్టి, ఎలక్ట్రీషియన్ వచ్చి నల్లాలో కరెంటు లేదని మీటరుతో చూసిన తరువాతే ఈ పని చేయండి. వేడి ధార సన్నబడటానికి మాత్రం ఎక్కువగా వాల్వులో పట్టిన గారో, కనెక్షన్ పైపు లోపల పేరుకున్న పెచ్చులో, నల్లా జాలీ మూసుకుపోవడమో కారణమవుతుంది; శుభ్రం చేసే రోజునే అది కూడా తీరిపోతుంది.

వాల్వు నుంచి కారే చుక్కల విషయంలో మొదటి మెకానిక్ మీకు అన్యాయం చేశాడని నేననుకుంటున్నాను. నీళ్లు కాగితే వ్యాకోచిస్తాయి. 15 లీటర్లు 25 నుంచి 65 డిగ్రీలకు చేరేసరికి సుమారు పావు లీటరు పెరుగుతాయి. లోపలికి వచ్చే దారిలో నాన్ రిటర్న్ వాల్వు ఉన్నప్పుడు ఆ పెరిగిన నీటికి వెనక్కి పోయే దారి లేదు. ఒత్తిడి హద్దు దాటకుండా సేఫ్టీ వాల్వు ఆ కాస్త నీటిని చుక్కలుగా వదిలేస్తుంది. స్విచ్చి వేసినప్పుడే కారి, నీళ్లు కాగాక ఆగిపోతుంటే అది లోపం కాదు, వాల్వు తన పని తాను చేస్తున్నది. చుక్కలు నేల మీద పడటం ఇబ్బందిగా ఉంటే సన్నటి గొట్టం తగిలించి డ్రెయిన్‌లోకి వదలండి. ఎట్టి పరిస్థితిలోనూ దాన్ని టేపు చుట్టో బిరడా బిగించో మూయించవద్దు. థర్మోస్టాట్ అంటుకుపోయిన రోజున ట్యాంకు పేలకుండా ఆపే చివరి రక్షణ ఆ రంధ్రమే. రాత్రీ పగలూ, కరెంటు లేనప్పుడు కూడా కారుతుంటే వాల్వులో పెచ్చు ఇరుక్కుని ఉండవచ్చు, లేదా భవనంలో పెట్టిన ప్రెషర్ పంపు ఒత్తిడి ఎక్కువై ఉండవచ్చు; అప్పుడు వాల్వు మార్చాలి లేదా ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టించాలి.

నిజంగా ట్యాంకు చిల్లు పడితే గుర్తులు వేరుగా ఉంటాయి. నీళ్లు వాల్వు నుంచి కాక బయటి తొడుగు అతుకుల నుంచి, వైరు లోపలికి వెళ్లే రంధ్రం నుంచి వస్తాయి; కరెంటుతో పని లేకుండా వస్తూనే ఉంటాయి; చాలాసార్లు తుప్పు రంగులో ఉంటాయి. ఎలిమెంటు బిగించిన పళ్లెం చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ పాడైనా కింది మూత నుంచి నీళ్లు కారుతాయి. గాస్కెట్ చిన్న వస్తువే కానీ ఆ నీళ్లు కరెంటు టెర్మినళ్ల పక్కనే కారతాయి కాబట్టి దాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. మీరు రాసిన దానిలో ట్యాంకు చిల్లుకు సంబంధించిన గుర్తు ఒక్కటీ లేదు. మూత విప్పకుండా ట్యాంకు పోయిందని చెప్పగల విద్య ఎవరి దగ్గరా లేదు.

అందుచేత నా సలహా ఇది: కొత్తది కొనే ముందు గీజరును విప్పించండి, విప్పినప్పుడు మీరు పక్కనే ఉండండి. పని తెలిసిన మెకానిక్ ముందు ఎంసీబీ దించి, టెర్మినళ్ల దగ్గర కరెంటు లేదని చూసుకుంటాడు. చన్నీళ్ల వాల్వు కట్టి ట్యాంకు ఖాళీ చేస్తాడు. వైర్లు ఏది ఎక్కడున్నదో ఫోనులో ఫొటో తీసుకుని విప్పుతాడు. పళ్లెం ఊడదీయగానే అటుకుల్లాంటి తెల్లటి పెచ్చులు బకెట్టులో పడతాయి. ఆరేళ్లుగా తెరవని గీజరైతే గంపెడు పడినా ఆశ్చర్యపోకండి. అప్పుడు టార్చి వేసి ట్యాంకు లోపల చూడమనండి, మీరూ చూడండి. గోడ నున్నగా ఉంటే ట్యాంకు బాగున్నట్లే. ఎర్రటి తుప్పు పొక్కులు, లేచిన ఎనామిల్ పూత కనబడితే దాని రోజులు దగ్గర పడినట్లు. ఎలిమెంటుతో పాటు ఒక మెగ్నీషియం కడ్డీ కూడా ఉండాలి, మెకానిక్‌లు యానోడ్ రాడ్ అంటారు. ట్యాంకు ఉక్కుకు బదులు తాను తుప్పు పట్టి అరిగిపోవడమే దాని పని. అది పూర్తిగా అరిగి సన్నటి తీగ మాత్రమే మిగిలితే ఆ తరువాత తుప్పు ట్యాంకు వంతు. ఆ కడ్డీని వేళకు మార్చకపోవడం వల్లనే ఎక్కువ ట్యాంకులు ముందుగా పోతున్నాయని నా అభిప్రాయం. ఎలిమెంటు గురించి అడిగే వాళ్లున్నారు గానీ కడ్డీ గురించి అడిగే వాళ్లు దాదాపు లేరు. మీరు అడగండి.

మీ గీజరులో లీకు ఉందనే అనుమానం ఉంది కాబట్టి పాత ఎలిమెంటును గీకి మళ్లీ పెట్టనివ్వకండి, మార్పించండి. పాతదానికి ఎన్ని వాట్లో కొత్తదానికీ అన్నే ఉండాలి. త్వరగా కాగుతుందని 2 కిలోవాట్ల చోట 3 కిలోవాట్లది పెడతానంటే వద్దనండి. 2 కిలోవాట్లకు దాదాపు 9 ఆంపియర్లు, 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు కావాలి, మీ గోడలోని వైరు ఆ పెద్ద భారానికి వేసినది కాకపోవచ్చు. ఎలిమెంటుతో పాటు గాస్కెట్, మెగ్నీషియం కడ్డీ కూడా కొత్తవి పడాలి. థర్మోస్టాట్, దానికి పైన రక్షణగా ఉండే కటౌట్ పనిచేస్తున్నాయో లేదో చూడాలి. కటౌట్ చెడిపోయిందని దాన్ని తప్పించి వైరు నేరుగా కలపడం నేరమనే చెప్పాలి. ట్యాంకు లోపలి గారను మెత్తగా రాల్చి, అవసరమైతే సిట్రిక్ ఆమ్లంలాంటి పలుచని ద్రావణంతో నానబెట్టి కడగాలి. బాత్‌రూము కడిగే యాసిడ్‌ను ట్యాంకులో పోయడం కొందరి అలవాటు. అది గారతో పాటు ఉక్కును కూడా తింటుంది, ఒప్పుకోవద్దు.

అన్నీ బిగించాక చేయవలసిన పరీక్ష ఒకటుంది, దాన్ని అడిగి చేయించుకోండి. ట్యాంకు నిండా నీళ్లుండగా, కరెంటు ఇవ్వకముందే, ఎలిమెంటు టెర్మినళ్లకు, గీజరు ఒంటికి మధ్య 500 వోల్టుల మెగ్గరు అనే మీటరుతో ఇన్సులేషన్ (కరెంటు బయటికి రాకుండా ఆపే గుణం) చూడాలి. ఒక మెగా ఓమ్ కంటే బాగా ఎక్కువ చూపించాలి. మామూలు మల్టీమీటరు రెండు టెర్మినళ్ల మధ్య 26 ఓమ్‌ల దగ్గర చూపితే 2 కిలోవాట్ల ఎలిమెంటు తెగిపోలేదని మాత్రమే తెలుస్తుంది, లీకు లేదని తెలియదు. తరువాత వేడి నీళ్ల నల్లా తెరిచి, గాలి లేకుండా నిండు ధార వచ్చేదాకా ఆగి, అప్పుడే స్విచ్చి వేయాలి. భవనంలో ట్యాంకు కడిగిన రోజున, మోటారు చెడిపోయి నీళ్లు రాని రోజున కూడా ఇదే పద్ధతి పాటించండి. నీళ్లు లేని ట్యాంకులో ఎలిమెంటు కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ప్లగ్గు, సాకెట్ నల్లబడి ఉన్నాయేమో కూడా చూపించండి. పిన్ను వదులైన చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. దానికి 16 ఆంపియర్ల మంచి సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఉండాలి.

ఎవరిని పిలవాలన్న మీ ప్రశ్నకు వస్తాను. గీజరు మీద అతికించిన స్టిక్కరు, వారంటీ కార్డు, కంపెనీ సొంత వెబ్‌సైటు, ఈ మూడింటిలో ఒకదాని నుంచి మాత్రమే సర్వీసు నంబరు తీసుకోండి. ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనబడే ‘కస్టమర్ కేర్’ నంబర్లలో కంపెనీకి ఏ సంబంధమూ లేనివి ఉంటాయి. కొందరు మెకానిక్‌ను పంపి అవసరం లేని సామాను అంటగడతారు. ఇంకొందరు బుకింగు కోసమని ఫోనులో ఏదో యాప్ వేయించి, చిన్న మొత్తం కట్టమని, ఖాతా ఖాళీ చేస్తారు. అలా డబ్బు పోయినట్లు తెలిసిన క్షణమే సైబరు మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. వారంటీ కార్డును ఇప్పుడే తీసి చదవండి. ట్యాంకుకు ఒక గడువు, ఎలిమెంటుకు మరో గడువు వేరుగా రాసి ఉంటాయి, ఆరేళ్లు దాటినా ట్యాంకు గడువు మిగిలి ఉండే అవకాశం ఉంది. గడువు లేకపోతే మీ కాలనీ ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోవడంలో తప్పు లేదు, అతని దగ్గర మెగ్గరు ఉండి, ఎర్తింగ్ పని కూడా చేస్తానంటే. ఎవరు చేసినా పని మొదలుకాక ముందే ఏమేమి మారుస్తారో, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఊడదీసిన పాత సామాను మీకే ఇమ్మనండి. సామాను మీద ఐఎస్‌ఐ గుర్తు చూడండి. బిల్లు ఉంటేనే మాట తప్పిన వాళ్ల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయడానికి మీకు ఆధారం ఉంటుంది.

ట్యాంకు బాగుందని తేలితే ఈ గీజరు మీకు ఇంకొన్నేళ్లు పనిచేస్తుంది. ఇక మీద ఏటా దసరా, దీపావళి నాటికి, అంటే చలి ముదరక ముందే, విప్పించి గార తీయించండి. మీ నీళ్లకు రెండేళ్లకోసారి సరిపోదు. థర్మోస్టాట్‌ను 60 డిగ్రీలు దాటనివ్వకండి. అంతకు మించితే గార వేగంగా పెరుగుతుంది. పైగా 60 డిగ్రీల నీళ్లే కొన్ని సెకన్లలో చర్మాన్ని కాలుస్తాయి, పిల్లలు సొంతంగా నల్లా తిప్పే వయసులో ఉన్నారు. చన్నీళ్లు లోపలికి వెళ్లే దారిలో పాలీఫాస్ఫేట్ గుళికలుండే చిన్న ఫిల్టరు పెట్టిస్తే గార కొంత తగ్గుతుంది, గుళికలు అయిపోయినప్పుడల్లా మళ్లీ పోయాలి. పైపుకు అయస్కాంతం కడితే ఉప్పు పట్టదని అమ్మేవాటి మీద డబ్బు పెట్టకండి. నీళ్లు కాగాక స్విచ్చి కట్టేసి స్నానానికి వెళ్లే అలవాటు ఇంట్లో అందరికీ చేయండి. కరెంటు గొడవే లేకుండా గ్యాసు గీజరు పెట్టుకుంటే పోదా అని ఎవరైనా సలహా ఇస్తే, దాన్ని మూసి ఉన్న బాత్‌రూములో పెట్టడం ఇంకా ప్రమాదమని గుర్తుంచుకోండి. మంటకు గాలి చాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు; స్నానానికి వెళ్లిన మనిషి స్పృహ తప్పేదాకా ఎవరికీ తెలియదు.

ట్యాంకులో తుప్పు కనబడితే మాత్రం మరమ్మతు మీద రూపాయి కూడా పెట్టవద్దు. దాన్ని అతికించడం, వెల్డింగ్ చేయడం ఒత్తిడికి నిలబడవు. అప్పుడు కొత్తది కొనండి. గట్టి నీళ్లకు తగిన ఎలిమెంటు, లోపల ఎనామిల్ పూత, 8 బార్ల ఒత్తిడికి తట్టుకుంటుందన్న మాట, ఇవి చూసి తీసుకోండి. ఇంట్లో ఒకరి తరువాత ఒకరు స్నానానికి వెళ్లే మీలాంటి కుటుంబానికి 25 లీటర్లది అనుకూలంగా ఉంటుంది. నిలువుగా బిగించవలసిన దాన్ని చోటు చాలలేదని అడ్డంగా బిగించనివ్వకండి, పాత కనెక్షన్ పైపులను కొత్త గీజరుకు వాడనివ్వకండి, ఎర్తింగ్ సరిచేసి ఆర్‌సీసీబీ పెట్టిన తరువాతే దాని స్విచ్చి వేయనివ్వండి.